రోజుకి ఎన్ని కప్పులు?

ఈమధ్య ఏ ఊళ్లో బస్సు దిగినా స్టాండు ఎదురుగా ఒకే రంగు బోర్డులతో, ఒకే రకం గోడలతో టీ దుకాణాలు కనిపిస్తున్నాయి. మధిరలో చూసిన దుకాణమే మదనపల్లెలోనూ ఉంటుంది. కప్పు అదే, కప్పు మీద బొమ్మ అదే. నాలుగడుగులు వేస్తే ఇదే పద్ధతిలో నడిచే మందుల షాపు, రక్తపరీక్షల ల్యాబు, పిల్లల ప్లేస్కూలు, కొరియర్ ఆఫీసు ఉంటాయి. వీటిలో చాలావాటి యజమాని ఆ ఊరి మనిషే. బోర్డు మీద పేరు మాత్రం ఆయనది కాదు. డబ్బు కట్టి తెచ్చుకున్నది. దీన్నే మనం ఫ్రాంచైజీ అంటున్నాం.

రిటైరైనప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బు ఒకరి చేతిలో ఉంటుంది. ఎకరం అమ్మిన డబ్బు ఇంకొకరి చేతిలో ఉంటుంది. గల్ఫ్ నుంచి వచ్చేసి, ఇక ఇక్కడే ఏదో ఒకటి చేసుకుందామనుకునేవాళ్లు ఉంటారు. వీళ్లందరినీ ఒకటే ప్రశ్న వేధిస్తుంది. పేరున్న కంపెనీ ఫ్రాంచైజీ తీసుకోవడమా? లేక సొంత పేరుతో మొదలుపెట్టడమా?

ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి ఇవాళ మీకు ఒకే ఒక లెక్క చెప్తాను. దాన్ని రోజు లెక్క అందాం. కాగితం, పెన్ను దగ్గరుంటే తీసుకోండి. లేకపోయినా ఫర్వాలేదు. ముఖ్యమైన అంకెలు మళ్లీ చెప్తాను.

లెక్కలోకి వెళ్లేముందు ఒక్క మాట. ఫ్రాంచైజీలో మీరు కొంటున్నది ఏమిటి? చాలామంది వ్యాపారాన్ని కొంటున్నామనుకుంటారు. కాదండీ. ఒక పేరుని అద్దెకి తీసుకుంటున్నారు. అద్దె ఇంట్లో ఉంటాం, సున్నాలు వేయిస్తాం, మొక్కలు పెంచుతాం. గడువు తీరాక ఇల్లు ఎవరిదో వాళ్లకే ఉంటుంది. ఇదీ అంతే. మొదట కట్టే ఫ్రాంచైజీ ఫీజు అడ్వాన్సు లాంటిది, కాకపోతే తిరిగి రాదు. ఆ తర్వాత అమ్మకాల మీద కట్టే రాయల్టీ నెలనెలా అద్దె. దానికి బదులుగా కంపెనీ పేరు, పని చేసే పద్ధతి, సరుకు సరఫరా మీకు దొరుకుతాయి. అద్దెకి ఉండటం తప్పేమీ కాదు. కట్టే అద్దెకి తగిన ఇల్లేనా అన్నదే చూసుకోవాలి.

ఇక లెక్క. ఒక మండల కేంద్రం అనుకుందాం. బస్టాండుకి దగ్గర్లో టీ దుకాణం పెట్టాలి. నేను చెప్పే అంకెలు ఉదాహరణకి మాత్రమే. మీ ఊరి అంకెలు మీరు వేసుకోవాలి.

ముందు సొంత కొట్టు సంగతి చూద్దాం. స్టవ్వు, గిన్నెలు, బల్లలు, బోర్డు, షాపు అడ్వాన్సు, అన్నీ కలిపి 3 లక్షలు పెట్టారనుకోండి. ఈ 3 లక్షలూ 5 ఏళ్లలో తిరిగి చేతికి రావాలి. అంటే నెలకి 5 వేలు. వడ్డీ 2 వేలు. షాపు అద్దె 15 వేలు. ఇద్దరు పనివాళ్లకి 30 వేలు. కరెంటు, చిల్లర ఖర్చులు 4 వేలు. ఇవన్నీ అందరూ రాసుకునేవే. రాయకుండా వదిలేసేది ఒకటుంది. మీ జీతం. పొద్దున 6 గంటల నుంచి రాత్రి 8 దాకా గల్లాపెట్టె దగ్గర నిలబడేది మీరు. ఇదే కష్టం ఇంకోచోట పడితే జీతం ఇస్తారు కదా? కాబట్టి 25 వేలు మీ పేరున రాసుకోండి. అన్నీ కూడితే నెలకి 81 వేలు. రోజుకి 2,700 రూపాయలు.

కప్పు టీ 12 రూపాయలకి అమ్ముతున్నారు. పాలు, పొడి, పంచదార, గ్యాసు, కాగితం కప్పు కలిపి 6 రూపాయలు పోతాయి. మిగిలేది 6. మరి 2,700 రావాలంటే ఎన్ని కప్పులు అమ్మాలి? 450.

ఇప్పుడు ఫ్రాంచైజీ. ఫీజు, కంపెనీ చెప్పినట్టే చేయించాల్సిన ఇంటీరియరు, కంపెనీ దగ్గరే కొనాల్సిన మిషన్లు, అన్నీ కలిపి 9 లక్షలు అనుకుందాం. ఒప్పందం 5 ఏళ్లు. అంటే 9 లక్షలూ 60 నెలల్లోనే రావాలి. నెలకి 15 వేలు. వడ్డీ 6 వేలు. రోడ్డు మీదకి కనిపించే షాపే కావాలంటారు కాబట్టి అద్దె 20 వేలు. యూనిఫాం వేసుకున్న ముగ్గురు పనివాళ్లకి 45 వేలు. లైట్లు ఎక్కువ కాబట్టి కరెంటు, చిల్లర ఖర్చులు నాలుగున్నర వేలు. మీ జీతం అదే 25 వేలు. మొత్తం లక్షా 15 వేల 500. రోజుకి 3,850 రూపాయలు.

ఇక్కడ టీ 15 రూపాయలు. పొడి కంపెనీదే కొనాలి, కప్పూ కంపెనీదే. సరుకు ఖర్చు 7 రూపాయలు దాటుతుంది. అమ్మకం మీద 5 శాతం రాయల్టీ, ఆ రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి కప్పుకి దాదాపు 90 పైసలు. అంటే 15లో 8 రూపాయలు పోయి 7 మిగులుతాయి. 3,850 రావాలంటే ఎన్ని కప్పులు? 550.

మళ్లీ చెప్తున్నాను. సొంత కొట్టుకి రోజుకి 450 కప్పులు. ఫ్రాంచైజీకి రోజుకి 550 కప్పులు. పద్నాలుగు గంటలు కొట్టు తెరిచి ఉంచితే, 550 అంటే నిమిషంన్నరకి ఒక కప్పు. ఎండ మండిపోయే మధ్యాహ్నం 2 గంటలకి కూడా నిమిషంన్నరకి ఒక కప్పు!

ఇప్పుడు మన ప్రశ్న ఎంత చిన్నదైపోయిందో చూడండి. ఫ్రాంచైజీ మంచిదా, సొంత వ్యాపారం మంచిదా అని ఇక ఎవరినీ అడగక్కర్లేదు. ఆ బోర్డు మీ ఊళ్లో, 3 రూపాయలు ఎక్కువ పెట్టిన ధరకి, రోజుకి 100 కప్పులు అదనంగా అమ్మిపెడుతుందా? అమ్మిపెడితే తీసుకోండి. అమ్మిపెట్టలేకపోతే వద్దు. టీ కొట్టు కాకుండా ఇంకేదైనా సరే, ప్రశ్న ఇదే. ల్యాబు అయితే రోజుకి ఎన్ని పరీక్షలు? ప్లేస్కూలు అయితే ఎంతమంది పిల్లలు? పేరు ఉండటం వల్ల అదనంగా ఎంతమంది వస్తారు?

అమ్మకాలు తగ్గితే ఏమవుతుందో కూడా ఒక్కసారి చూద్దాం. రెండు కొట్లలోనూ 400 కప్పులే అమ్ముడయ్యాయనుకోండి. సొంత కొట్టులో రోజుకి 300 రూపాయలు తక్కువ పడతాయి. నెలకి 9 వేలు. అంటే మీ జీతం 25 వేలు కాస్తా 16 వేలవుతుంది. కష్టమే, కానీ ఇల్లు నడుస్తుంది. ఫ్రాంచైజీలో అదే 400 కప్పులకి రోజుకి 1,050 తక్కువ పడతాయి. నెలకి 31,500. మీ జీతం మొత్తం పోగా, పైన ఇంకో ఆరున్నర వేలు జేబులోంచి వేయాలి. ఆ వేయాల్సిన డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఇంట్లో బంగారం మీంచి. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను. కంపెనీ ఇచ్చే రంగుల కాగితంలో అమ్మకాలు బాగున్న నెల లెక్కే ఉంటుంది. మీరు అమ్మకాలు పడిపోయిన నెల లెక్క కూడా వేసుకోవాలి.

మరి పేరు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కొనేవాడు తనంతట తాను మంచీచెడూ తేల్చుకోగలిగిన సరుకుకి పేరుతో అంత పని లేదు. టీ బాగుందో లేదో మొదటి గుటకలోనే తెలిసిపోతుంది. బాగోకపోతే 12 రూపాయలతో పోతుంది. రేపు ఇంకో కొట్టుకి వెళ్తాడు. ఇడ్లీ అంతే. మిరపకాయ బజ్జీ అంతే. టైలరు పని అంతే. ఇలాంటివాటిలో మీ చేతి పనే మీ పేరు.

అదే రక్తపరీక్ష సంగతి చూడండి. రిపోర్టులో షుగరు 180 అని ఉంటే, అది నిజమో కాదో మనం ఎలా చెప్పగలం? నాలుకతో చూసేది కాదు, కంటితో చూసేది కాదు. అక్కడ పేరుని చూసే నమ్ముతాం. మందుల షాపుకీ కొంతవరకు ఇదే వర్తిస్తుంది. మూడేళ్ల పిల్లని తీసుకెళ్లి అప్పజెప్పే ప్లేస్కూలుకీ కొంతవరకు ఇదే. ఇలాంటిచోట కొత్తగా పెట్టినవాళ్ల మీద జనానికి నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారన్నమాట. అది తప్పు బేరం కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కొనేవాడు రోజూ వచ్చేవాడా, ఒక్కసారి వచ్చి వెళ్లిపోయేవాడా? హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో, సూర్యాపేట దగ్గర కారు ఆపినవాడికి ఆ ఊళ్లో ఎవరి చేతివంట బాగుంటుందో తెలియదు. తెలిసిన బోర్డు చూసి ఆగుతాడు. హైవే మీద పేరుకి విలువుంది. అదే మీ వీధి చివర కొట్టుకి వచ్చేవాళ్లు ఎవరు? పాలిటెక్నిక్ కాలేజీ పిల్లలు, తహశీల్దారు ఆఫీసు గుమాస్తాలు, ఆటో స్టాండు వాళ్లు. ఏడాదికి మూడు వందల రోజులు వచ్చేది వాళ్లే. వాళ్లు బోర్డుని మొదటి వారమే చూస్తారు. రెండో వారం నుంచి టీనే చూస్తారు.

ఇంతకీ 550 కప్పులు అమ్ముడవుతాయో లేదో ముందుగా తెలుసుకోవడం ఎలా? కంపెనీ ప్రతినిధిని అడిగితే అవుతాయనే అంటాడు. అది అతని ఉద్యోగం. మీరే వెళ్లి లెక్కపెట్టాలి. మీ ఊరంత ఊళ్లో అదే కంపెనీ దుకాణం ఎక్కడుందో కనుక్కోండి. హైదరాబాద్ అమీర్‌పేటలో ఉన్నది చూసి లాభం లేదు. మీ ఊరి లాంటి ఊళ్లోనే చూడాలి. ఒక మంగళవారం పొద్దున్నే వెళ్లి ఎదురుగా కూర్చోండి. ఆదివారం సాయంత్రం వద్దు. సంత రోజు వద్దు, పండగ రోజు వద్దు. గంటకి ఎన్ని కప్పులు వెళ్తున్నాయో గీతలు గీసుకోండి. మధ్యాహ్నం నిద్ర వచ్చినా లేవకండి. అసలు సంగతి బయటపడేది ఆ వేళలోనే.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. ఆ కొట్టుకి పాలు పోసే మనిషిని పలకరించండి. రోజుకి ఎన్ని లీటర్లు పోస్తున్నాడో అడగండి. టీ కొట్టు యజమాని అమ్మకాలు పెంచి చెప్పొచ్చు, తగ్గించీ చెప్పొచ్చు. పాల లెక్క అబద్ధం చెప్పదు. మూడు నెలల కిందట ఎన్ని లీటర్లు పోసేవాడో కూడా అడిగారంటే, ఆ కొట్టు పెరుగుతోందో తరుగుతోందో తెలిసిపోతుంది.

ఇంకొకరితో కూడా మాట్లాడాలి. ఆ ఫ్రాంచైజీ తీసుకుని మూసేసినవాళ్లతో. నడుపుతున్నవాళ్ల పేర్లు కంపెనీయే ఇస్తుంది. ఫోన్ చేసి కలిపిస్తుంది కూడా. మూసేసినవాళ్ల పేర్లు అడిగి చూడండి. అమెరికాలో దీనికి చట్టముంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ తన వివరాలన్నీ 23 అంశాల కింద రాసిన పత్రాన్ని, సంతకం పెట్టడానికీ డబ్బు కట్టడానికీ కనీసం 14 రోజుల ముందే చేతికివ్వాలి. కంపెనీ మీద ఉన్న కేసులు అందులో ఉండాలి. గత మూడేళ్లలో ఎన్ని దుకాణాలు తెరిచారో, ఎన్ని మూశారో ఉండాలి. గడిచిన ఏడాదిలో వదిలేసి వెళ్లినవాళ్ల పేర్లు కూడా ఉండాలి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటూ ఫ్రాంచైజీ ఆలోచన చేస్తున్న మన తెలుగువాళ్లు ఎవరైనా వింటుంటే, ఆ పత్రాన్ని వదలకుండా చదవండి. సంపాదన గురించి కంపెనీ ఏదైనా చెప్పదలుచుకుంటే అందులో 19వ అంశంలో రాయాలి. నోటితో చెప్పి, అక్కడ రాయలేదంటే ఆ మాటని లెక్కలోకి తీసుకోకండి.

మన దేశంలో ఫ్రాంచైజీల కోసం విడిగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, ట్రేడ్ మార్కుల చట్టం లాంటివాటి కిందే ఇవి నడుస్తున్నాయి. అంటే ముందుగా వివరాలు చెప్పి తీరాలని కంపెనీని కట్టడి చేసే నియమం ఇక్కడ లేదు. అందువల్ల అమెరికాలో చట్టం చేసే పని ఇక్కడ మీరే చేసుకోవాలి. మూసేసిన మనిషిని వెతికి పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఆ బోర్డు తీసేసిన చోట ఇప్పుడున్న షాపువాళ్లని అడగండి. భవనం యజమానిని అడగండి. నష్టపోయిన మనిషి మొదట మాట్లాడటానికి ఇష్టపడడు. మర్యాదగా కూర్చుని, నేనూ ఇందులో డబ్బు పెట్టబోతున్నానండీ అని చెప్తే, తనలాగా ఇంకొకరు నష్టపోకూడదనైనా అన్నీ చెప్తాడు.

ఇక ఒప్పందం. ఇది ఎక్కువగా ఇంగ్లీషులో, ఇరవై ముప్ఫై పేజీలు ఉంటుంది. సంతకం చేసేముందు ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వం అంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి. మీ ఊరి వకీలుకి ఫీజు ఇచ్చి, ప్రతి వాక్యం తెలుగులో చెప్పించుకోండి. ఇంట్లో వాళ్లని కూడా కూర్చోబెట్టండి. ఎందుకంటే పోయేది వాళ్ల డబ్బు కూడా. మీ దుకాణానికి ఎంత దూరంలోపు ఇంకో దుకాణం ఇవ్వరో అందులో రాసి ఉందా? నోటిమాట చాలదు. అయిదేళ్ల తర్వాత మళ్లీ ఫీజు కట్టాలా? మధ్యలో మీరు ఇంకొకరికి అమ్ముకోవచ్చా? కంపెనీ ధరలు పెంచితే వద్దనే హక్కు మీకు ఉందా? తగవొస్తే ఎక్కడ తేల్చుకోవాలి? ఢిల్లీలోనో ముంబైలోనో అని రాసి ఉంటే, మన ఊరి చిన్న వ్యాపారికి ఆ తగవు పెట్టుకునే శక్తే ఉండదు. షాపు అద్దె అగ్రిమెంటు మూడేళ్లకి, ఫ్రాంచైజీ అయిదేళ్లకి ఉండటం కూడా చిక్కే. నాలుగో ఏడు ఇంటాయన ఖాళీ చేయమంటే కంపెనీ పెట్టించిన గోడలన్నీ మళ్లీ కొత్తగా కట్టించుకోవాలి.

ఒప్పందంలో రాసినదానికి ఎంత బలం ఉంటుందో ఒక కేసు చెప్తాను. గుజరాత్‌లో శీతల పానీయాలు సీసాల్లో నింపే గుజరాత్ బాట్లింగ్ అనే కంపెనీ ఉండేది. కోకాకోలాతో దానికి ఫ్రాంచైజీ ఒప్పందం ఉంది. ఆ ఒప్పందం గడువులో వేరే కంపెనీ పానీయాలు ముట్టుకోకూడదనేది షరతు. ఆ షరతు మీద తగవొచ్చి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో కోర్టు ఏం చెప్పిందంటే, ఒప్పందం నడుస్తున్నంతకాలం అలాంటి షరతు వ్యాపార స్వేచ్ఛని అడ్డుకోవడం కిందకి రాదు, చెల్లుతుంది అని. మీ టీ కొట్టు విషయంలోనూ అంతే. కంపెనీ బిస్కెట్లే పెట్టాలని సంతకం చేశాక, మీ ఊరి బేకరీ ఉస్మానియా బిస్కెట్లు జనం ఎంత అడిగినా మీరు పెట్టలేరు.

పెద్దవాళ్లకి కూడా ఇందులో చిక్కులు తప్పలేదు. ఉత్తర, తూర్పు భారతంలో మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు నడిపిన విక్రమ్ బక్షి సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. ఆ కంపెనీతో సగం వాటా ఉన్న భాగస్వామి ఆయన. ఏళ్లతరబడి తగవు నడిచింది. 2017 ఆగస్టులో 169 దుకాణాల ఫ్రాంచైజీ ఒప్పందాన్ని మెక్‌డొనాల్డ్స్ రద్దు చేసింది. చివరికి 2019లో రాజీ కుదిరి, ఆయన వాటాని మెక్‌డొనాల్డ్సే కొనేసుకుంది. 169 దుకాణాలు నడిపినాయనకే ఇది తప్పనప్పుడు, ఒక్క దుకాణం పెట్టుకునే మనం ప్రతి వాక్యం చదివి తీరాలి.

ఇన్ని చెప్తున్నానని సొంత వ్యాపారం సుఖమని అనుకోవద్దు. అక్కడ చెప్పేవాళ్లుండరు. పాలు విరిగిపోతే ఏం చేయాలో, పనివాడు చెప్పకుండా మానేస్తే ఎలాగో, పొడి ధర పెరిగితే కప్పు ధర పెంచాలో వద్దో, అన్నీ మీకు మీరే నేర్చుకోవాలి. పేరు రావడానికి కాలం పడుతుంది. కర్నూలులో పుల్లారెడ్డి గారు మిఠాయిల వ్యాపారం మొదలుపెట్టింది 1948లో. హైదరాబాద్ మొజంజాహి మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ తెరిచింది 1953లో. ఇవాళ ఆ పేర్లు చెప్తే డబ్బా తెరవకుండానే నమ్ముతాం. ఆ నమ్మకం వెనక ఏళ్ల తరబడి ఒకే రుచి, ఒకే నాణ్యత ఉన్నాయి. అంత ఓపిక, అంత పట్టుదల మీకు ఉంటే ఆ పేరు మీది, మీ పిల్లలది. గడువు తీరిందని ఎవరూ వచ్చి బోర్డు దింపరు.

ఆ పేరుని కాపాడుకోవడం మాత్రం మొదటిరోజు నుంచే చూసుకోవాలి. మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు అని హోటళ్ల ముందు, మిఠాయి కొట్ల ముందు బోర్డులు చూస్తుంటాం కదా. పేరు వచ్చాక పక్కవాడు అదే పేరు పెట్టేసుకుంటే పడే బాధ అది. ట్రేడ్ మార్కు రిజిస్ట్రేషనుకి ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకీ చిన్న పరిశ్రమలకీ ఒక తరగతి సరుకుకి ఫీజు 4,500 రూపాయలు. వస్తే పదేళ్లు ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. లక్షల ఫీజు కట్టి వేరేవాళ్ల పేరు అద్దెకి తెచ్చుకోవడానికి సిద్ధపడేవాళ్లు, తమ సొంత పేరు మీద 4,500 పెట్టడానికి వెనకాడటం నాకు బాధగా ఉంటుంది.

పని నేర్పేవాళ్లు లేరన్న భయం ఉంటే, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. ఆర్‌సెటీ అంటారు. మీ జిల్లాలో ఎక్కడుందో లీడ్ బ్యాంకు ఆఫీసులో అడిగితే చెప్తారు. పల్లెటూళ్ల యువతీయువకులకి శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. డబ్బు విషయానికొస్తే, 2015లో మొదలైన ముద్రా పథకం కింద 10 లక్షల దాకా పూచీకత్తు లేకుండా రుణం అడగొచ్చు. ఆ 10 లక్షల తరగతిలో తీసుకుని సరిగ్గా కట్టినవాళ్లకి 20 లక్షల దాకా పరిమితి పెంచారు. ఉద్యమ్ రిజిస్ట్రేషను ప్రభుత్వ వెబ్‌సైట్లో పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. తిండి సరుకు ఏదైనా సరే, సొంతమైనా ఫ్రాంచైజీ అయినా ఆహార భద్రత రిజిస్ట్రేషను గానీ లైసెన్సు గానీ తప్పనిసరి.

సొంత వ్యాపారానికీ ఫ్రాంచైజీకీ మధ్య దారి కూడా ఒకటుంది. పేరున్న సరుకు అమ్ముతూనే రాయల్టీ కట్టనక్కర్లేని ఏర్పాట్లు. అమూల్ పార్లరు అలాంటిదే. రాయల్టీ అడగరు. అయితే అక్కడా రోజు లెక్క వేసుకోవాల్సిందే. ప్యాకెట్టు పాల మీద మిగిలేది నూటికి రెండున్నర రూపాయలు మాత్రమే. ఐస్‌క్రీం మీద నూటికి దాదాపు 20 మిగులుతాయి. అంటే పాలు జనాన్ని కొట్టుకి రప్పిస్తాయి, డబ్బు ఐస్‌క్రీం మీద వస్తుంది. మీ వీధిలో ఐస్‌క్రీం కొనే ఇళ్లు ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి.

ఇంతా విన్నాక కూడా ఎటూ తేల్చుకోలేకపోతున్నారా? అయితే ఒక పని చేయండి. ఏ వ్యాపారం పెట్టాలనుకుంటున్నారో ఆ రకం దుకాణంలో మూడు నెలలు జీతానికి చేరండి. వయసు అడ్డం కాదు, చదువు అడ్డం కాదు. ఎంబీయే చదివిన కుర్రాడు టీ కొట్టులో కప్పులు అందిస్తే ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడక్కర్లేదు. పొద్దున అయిదింటికి పాలు దించుకోవడం నుంచి రాత్రి గల్లాపెట్టె లెక్క చూసే దాకా ఉండండి. నెల తిరిగేసరికి, ఈ పని నాకు నచ్చుతుందా లేదా అన్నది కూడా తెలిసిపోతుంది. 9 లక్షలు పోశాక తెలుసుకోవడం కంటే ఇది చాలా చవక. మూడు నెలల తర్వాత, ఈ మాత్రం పని నాకే వచ్చేసింది, కంపెనీ నేర్పేదేముంది అనిపిస్తే సొంతంగా పెట్టుకోండి. లేదు, వీళ్ల పద్ధతి, వీళ్ల సరఫరా లేకపోతే నావల్ల కాదు అనిపిస్తే ఫ్రాంచైజీయే మీకు తగినది. సిగ్గుపడకుండా తీసుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. దీన్ని దయచేసి ఇంట్లో పిల్లలకీ పెద్దలకీ చెప్పండి. పేరున్న కంపెనీల పేరుతో దొంగ వెబ్‌సైట్లు పెట్టి, ఫ్రాంచైజీ ఇస్తామని డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. మొదట రిజిస్ట్రేషను ఫీజంటారు. అది కట్టాక లైసెన్సు ఫీజంటారు. ఆ తర్వాత సెక్యూరిటీ డిపాజిట్టంటారు. లెటర్‌హెడ్డు మీద కంపెనీ బొమ్మ ఉంటుంది, సంతకం ఉంటుంది, ముద్ర ఉంటుంది. అసలు కంపెనీకి ఆ సంగతే తెలియదు. ఈ సాయంత్రంలోగా కట్టకపోతే మీ ఊరు ఇంకొకరికి ఇచ్చేస్తామని తొందరపెడితే, ఆ ఫోను అక్కడితో పెట్టేయండి. కంపెనీ ఆఫీసుకి మీరే వెళ్లి, మనిషిని చూసి, మాట్లాడాకే ఏదైనా. ఒకవేళ ఇప్పటికే ఆన్‌లైన్లో డబ్బు పంపి మోసపోయామని తెలిస్తే, పరువు పోతుందని దాచకండి. వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు మోసగాడి ఖాతాలోంచి కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.